తొమ్మిదో పేరు పక్కన ఖాళీ

2023 వానాకాలం. నారాయణగూడలో ఒక జిరాక్స్ షాపు పైనున్న ఒంటిగది ఆఫీసులో పనిచేస్తున్నాను. ఒకప్పుడు అక్కడ నలుగురం కూర్చునేవాళ్ళం. కరోనా వచ్చినప్పుడు ఇళ్ళకు వెళ్ళిన ముగ్గురూ ఇక ఇంటి నుంచే పనిచేస్తామన్నారు, మళ్ళీ రాలేదు. నేను మాత్రం రోజూ అశోక్‌నగర్ నుంచి నడుచుకుంటూ వచ్చి తాళం తీసేవాణ్ణి. నా కిరాయి గదిలో పలకరించే మనిషి లేడు. ఆఫీసులోనూ లేడనుకోండి, కానీ కింద జిరాక్స్ మిషను చప్పుడైనా వినబడేది. పెళ్ళి రెండేళ్ళు కూడా నిలవలేదు. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. ఈ సొద ఎందుకంటే, ఆ ఏడాది నేను చేసిన తప్పులో దీనికీ వాటా ఉంది.

నా పని డేటా శుభ్రం చేయడం. ఎవరో ఎక్కడో ఎలా పడితే అలా టైపు చేసి పంపిన రాతను విడగొట్టి, వరుసల్లో పెట్టి, కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేయడం. ఇరవై రెండేళ్ళుగా ఇదే తిండి పెడుతోంది. 'ఉప్పు, పప్పు, చింతపండు' అని చీటీ మీద రాస్తే మనకు అవి మూడు సరుకులు. కంప్యూటర్‌కి మాత్రం అదంతా ఒకటే ముక్క. దాన్ని స్ట్రింగ్ అంటాం. కామా ఉన్నచోటల్లా తుంచమని, ప్రోగ్రాంలు రాసే పైథాన్ భాషలో స్ప్లిట్ అనే ఆజ్ఞ ఇస్తే, అది మూడు ముక్కలు చేసి లిస్ట్ చేతిలో పెడుతుంది. ఒకటోది ఉప్పు, రెండోది పప్పు, మూడోది చింతపండు. ఈ విద్య మొదటి వారంలోనే నేర్పేస్తారు. అందుకే కాబోలు, మళ్ళీ దాని వైపు చూసే మర్యాద మాకుండదు.

ఆ స్ప్లిట్‌కి ఒక అలవాటుంది. రెండు కామాల మధ్య గాని, చివరి కామా తర్వాత గాని ఏమీ లేకపోయినా, ఆ ఏమీ లేనిదాన్ని కూడా ఒక ముక్కగానే లిస్ట్‌లో పెడుతుంది. దాని పేరు ఎంప్టీ స్ట్రింగ్. మా వాళ్ళకు అదంటే చిరాకు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ముందు వాటిని ఏరిపారేసి, తర్వాతే పని మొదలుపెడతాం. నేనూ అంతే.

ఆ జూలైలో ఒకరోజు విమలమ్మ గారు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. డెబ్బై ఏళ్ళుంటాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. చిక్కడపల్లిలో రెండు గదుల ఇల్లు.

"కంప్యూటర్ల పని చేసేది నువ్వేనా బిడ్డా?" అన్నారు, ఇంకా కూర్చోకుండానే. "జిరాక్సాయన చెప్పిండు. నాకొక చిన్న పని పడ్డది."

పని చిన్నదే. చిక్కడపల్లి, అశోక్‌నగర్, కవాడిగూడల్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఇరవై ముగ్గురు. లైబ్రరీలో పేపర్లు చదువుతూ ఒకరికొకరు పరిచయమైనవాళ్ళు కొందరు, వాళ్ళ ద్వారా తెలిసినవాళ్ళు కొందరు. ఆవిడ రోజూ పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, ఒకటో నంబరు నుంచి ఇరవై మూడు దాకా వరసగా ఫోన్ చేస్తారు. ఎట్లున్నారని అడుగుతారు. వాళ్ళు ఏమంటే అదే, పేరు లేకుండా, కామా పెట్టుకుంటూ ఒకే వరసలో టైపు చేసి వాట్సాప్ గ్రూపులో వేస్తారు. 'బాగు, మోకాళ్ళ నొప్పి, బాగు, మంచిగున్న' ఇలాగ. పేర్ల వరస, ఆ గ్రూపులో సాయానికి చేరిన ఆరుగురికీ కంఠతా వచ్చు. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే, ఈ ఆరుగురిలో దగ్గరున్నవాళ్ళు వెళ్ళి తలుపు కొట్టి చూసి రావాలి. అదీ వాళ్ళ ఏర్పాటు.

"ఇప్పుడు ఎవ్వలూ చదువుత లేరు బిడ్డా. పొడుగు మెసేజని పక్కకు పెడుతున్నరు. ఎవరు పోయి చూడాల్నో వాళ్ళ ఫోన్ల గంట మోగేటట్టు చేస్తావా?"

చేస్తానన్నాను. ఊరికే చేస్తానన్నాను. నిజం చెప్పాలంటే, ఆ కుర్చీలో ఒక మనిషి కూర్చుని నాతో మాట్లాడి చాలా రోజులైంది. అశోక్‌నగర్‌లో వెళ్ళి చూసే మనిషి లేడంటే, ఏడోవాడిగా నా పేరే రాసుకోమన్నాను.

ఆవిడ పది రోజుల మెసేజ్‌లు పంపారు. ఆ పది రోజులూ అందరూ ఫోన్ ఎత్తినట్టున్నారు, ఇరవై మూడుకి ఇరవై మూడు జవాబులూ ఉన్నాయి. మెసేజ్ చివర మాత్రం ఒక కామా మిగిలిపోయేది. రెండు చోట్ల వేలు తగిలి జంట కామాలు పడ్డాయి. స్ప్లిట్ చేస్తే ఇరవై మూడుకి బదులు ఇరవై నాలుగు, ఇరవై ఐదు ముక్కలు వచ్చాయి. నాకేం కొత్తా? ఖాళీ ముక్కలన్నీ పారెయ్ అని ఒక్క లైను రాశాను. జవాబులు తక్కువ పడితే, జవాబు అందని పేరు పక్కన ఎర్రచుక్క పెట్టి దగ్గర్లో ఉన్నవాళ్ళకు గంట కొట్టు అని ఇంకో లైను. మిగతావాళ్ళకు పచ్చచుక్క. మధ్యాహ్నం అన్నం తినేలోపు అయిపోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఫోన్ ఎత్తనివాళ్ళకు ఏం రాస్తారని ఆవిడను అడగలేదు. ఒక్క ప్రశ్న. అది అడిగి ఉంటే ఈ వ్యాసమే లేదు.

ఎనిమిది రోజులు పచ్చచుక్కలే. తొమ్మిదో రోజు మంగళవారం, ఎనిమిదింపావుకి నా ఫోన్ గంట కొట్టింది. ఇరవై మూడో పేరు, కామేశ్వరమ్మ గారు, అశోక్‌నగర్, మా సందుకు రెండు సందుల అవతల. చెప్పులేసుకుని పరుగెత్తాను. కోచింగుకు వెళ్ళే పిల్లలతో టిఫిన్ బండ్ల దగ్గర ఇరుగ్గా ఉంది. వాళ్ళను తోసుకుంటూ వెళ్ళి తలుపు కొట్టాను.

ఆవిడే తీశారు. ఎనభై దాటిన మనిషి, ఏలూరు వైపు నుంచి ఎప్పుడో భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన పోయి చాలా కాలమైంది.

"ఫోన్ ఎత్తలేదటమ్మా, అందుకని వచ్చాను," అన్నాను ఆయాసపడుతూ.

ఆవిడ నా వంక ఒక క్షణం చూశారు. "అలాగా? చెవులు సరిగ్గా వినబడవు నాయనా. లోపలికి రా. చెమటలు కక్కుతున్నావు, కాఫీ తాగి వెళుదువుగాని."

కాఫీ తాగాను. ఏ ఊరు, ఎవరబ్బాయివి, ఏం తిన్నావు అని అడిగారు. పొద్దున ఏం తిన్నావని నన్ను ఎవరైనా అడిగి ఆరేళ్ళయింది. ఏమీ తినలేదని తెలిసి రెండు అట్లు పోశారు. బయటికి వస్తూ గ్రూపులో రాశాను: 'వెళ్ళి చూసి వచ్చాను. క్షేమంగా ఉన్నారు.' పేరు రాయలేదు. ఎర్రచుక్క ఎవరిదో అందరికీ తెలుస్తుంది కదా అనుకున్నాను.

బుధవారం పొద్దున మళ్ళీ గంట. మళ్ళీ ఇరవై మూడే.

ఇక్కడ నా సంగతి దాచకుండా చెప్పాలి. వరసగా రెండు రోజులు ఒకే పేరు దగ్గర, అదీ సరిగ్గా లిస్ట్ చివర ఎర్రచుక్క పడితే, డేటా పని చేసే ఎవడికైనా ఏదో వాసన తగలాలి. చివరి పేరు అంటేనే అనుమానించాలి. ఎక్కడో ఏదో జారి లోటంతా చివరికి చేరిందని నాకు చటుక్కున తట్టాలి. పోనీ, ఆవిడకు ఒక్క ఫోన్ చేసినా సరిపోయేది. నేను అదీ చేయలేదు. నాకు వెళ్ళాలని ఉంది. ఆ ఇంట్లో కూర్చోవాలని ఉంది. వెళ్ళాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. బల్ల మీద రెండు గ్లాసులు ముందే పెట్టి ఉన్నాయి. "వచ్చావా నాయనా, ఇవాళా వినబళ్ళేదు చూడు," అన్నారు. గంటసేపు కూర్చున్నాను. గ్రూపులో మళ్ళీ అదే రాశాను, 'క్షేమంగా ఉన్నారు' అని.

మధ్యాహ్నం రెండింటికి ఆఫీసులో ఉండగా విమలమ్మ గారు ఫోన్ చేశారు.

"మురళీ, బాలయ్య ఫోన్ ఏమన్న ఖరాబైందా? రెండొద్దుల నుంచి ఎత్తుత లేడు. నువ్వు పోయి చూసొస్తున్నవ్ గద, జర బాగు చేయించి రాకపోయినవా?"

"బాలయ్యా? నేను వెళ్ళింది కామేశ్వరమ్మ గారింటికి కదండీ."

"ఆమెకేమైంది? రెండొద్దులు మాట్లాడింది గద నాతోని. మంచిగనే మాట్లాడింది."

నేను కంప్యూటర్‌లో ఆ రోజు మెసేజ్ తెరిచాను. ఎనిమిది జవాబులు. తర్వాత కామా. తర్వాత ఇంకో కామా. మధ్యలో ఏమీ లేదు. తొమ్మిదో పేరు బాలయ్య. నా ప్రోగ్రాం ఆ ఖాళీని పారేసి, పదో మనిషి జవాబును పైకి లాగి బాలయ్య పక్కన పెట్టింది. అక్కణ్ణుంచి అందరి జవాబులూ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. చివర మిగిలిన కామేశ్వరమ్మ గారికి జవాబు లేకుండా పోయింది. రోజూ 'మంచిగున్న' అనే ఒక్క ముక్క తప్ప మాట్లాడని బాలయ్య పక్కన, పచ్చచుక్కతో, 'కాఫీపొడి తెప్పించుకోవాలి' అని ఉంది. ఎవరైనా చదివితే నవ్వుకునేవారు. ఎవరు ఎత్తలేదో ముందే తెలిసిన విమలమ్మ గారు చుక్కలు చూసేవారే కాదు. మిగతా అందరూ పచ్చచుక్క వచ్చాక మాటలు చదవడం మానేశారు. నాతో సహా.

బాలయ్య పాలమూరు నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చిన మేస్త్రీ. అశోక్‌నగర్‌లో ఎన్ని బిల్డింగులకు ప్లాస్టరింగ్ చేశాడో ఆయనకే లెక్క లేదు. భార్య పోయింది, పిల్లలు లేరు. కవాడిగూడ బస్తీలో పిండి గిర్నీ పక్కన ఒక రేకుల గది. నేను బండి మీద పది నిమిషాల్లో వెళ్ళాను. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఊరికి పోయిండేమో అనుకున్నామన్నారు పక్కవాళ్ళు. తలుపు విరగ్గొట్టాం.

నీళ్ళ డ్రమ్ము పక్కన పడి ఉన్నాడు. మంగళవారం తెల్లవారుజామున కాలు జారింది. తుంటి విరిగింది. ఫోన్ గుమ్మం దగ్గర గూట్లో చార్జింగులో ఉంది, ఆయనకు అందలేదు. అరిచాడు, కానీ పగలంతా గిర్నీ చప్పుడు. డ్రమ్ము కుళాయి తిప్పుకుని నీళ్ళు తాగుతూ ఒకటిన్నర రోజు ఉన్నాడు. కళ్ళు తెరిచి నన్ను చూసి, ఎవరో తెలియకపోయినా, "వచ్చిన్రా సార్," అన్నాడు.

ఆపరేషనయ్యాక ఆస్పత్రిలో ఆయన పక్కన కూర్చున్నప్పుడు నా తప్పంతా చెప్పాను. కామాల సంగతి ఆయనకు అక్కర్లేదు. చేయి ఊపి ఆపేశాడు.

"ఫోన్ మోగుతుంటే ఇన్న సార్. మోగి మోగి ఆగింది. ఆగంగనే పానం నిమ్మళమైంది. ఎత్తకపోతే ఎవరో ఒకరు వస్తరని విమలమ్మక్క చెప్పింది గద. ఇగ వస్తరు, ఇగ వస్తరు అని పండుకున్న. తెల్లారి మళ్ళ మోగింది. అప్పుడు సుత అట్లనే అనుకున్న."

నేను బయటికి వచ్చి వరండాలో గోడకేసి నిలబడి ఏడ్చాను. ఆయన ఎదురు చూసిన ఆ రెండు పొద్దులూ నేను అట్లు తింటున్నాను.

విమలమ్మ గారిని తర్వాత అడిగాను, 'ఎత్తలేదు' అని ఒక్క ముక్క రాయొచ్చు కదమ్మా అని. నా గొంతులో కొంచెం కోపం కూడా ఉంది. తప్పు నాదని తెలిసినప్పుడు వచ్చే కోపం.

"పొద్దుగాల పొద్దుగాల ఒక మనిషి పేరు మీద లేదు అన్న మాట ఎట్ల రాస్త బిడ్డా?" అన్నారావిడ. "మీ ఇంట్ల బియ్యం అయిపోతే మీ అమ్మ ఏమంటుండె?"

"నిండుకున్నాయి అనేది."

"మరి? బియ్యానికే అనం. మనిషికి అంటమా? అందుకే జాగ ఇడిసిపెడత. ఆ జాగ జూసి అందరికి సమజయితుండె."

మా అమ్మ ఇంట్లోంచి వెళ్ళేవాళ్ళను 'వెళ్తా' అననిచ్చేది కాదు, 'వెళ్ళొస్తా' అనిపించేది. అలాంటి ఇంట్లో పెరిగి కూడా, ఆ ఖాళీ వెనక ఒక మనిషి భయం ఉందని నాకు తోచలేదు. చెత్త అనుకున్నాను.

కామేశ్వరమ్మ గారి దగ్గరికి వారం రోజులు వెళ్ళలేకపోయాను. వెళ్ళినప్పుడు ఆవిడకు అంతా తెలిసిపోయి ఉంది. కాఫీ తాగుతావా అని అడగలేదు. కుర్చీ చివర కూర్చుని చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటున్నారు.

"నేను ఫోన్ ఎత్తానని మొదటిరోజే చెప్పి ఉంటే..."

"తప్పు ప్రోగ్రాంది అమ్మా. మీది కాదు."

"నువ్వు పరుగెత్తుకుని వచ్చావు. నా కోసం అలా ఎవరు వస్తారు నాయనా? ఎత్తానంటే గుమ్మంలోంచే వెళ్ళిపోతావనిపించింది." తల ఎత్తకుండానే అడిగారు. "ఆ మేస్త్రీ నా మీద కోపంగా ఉన్నాడా?"

లేడన్నాను. ఆవిడ ఫోన్ ఎత్తి కూడా ఎత్తనట్టు ఊరుకున్న సంగతి విమలమ్మ గారు బయటపెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఆ రెండో గ్లాసు ఎందుకు పెట్టారో నాకు బాగా తెలుసు. ఆ గ్లాసు కోసమే నేనూ వెళ్ళాను. ఈ కేసులో బగ్ ఒక్క లైనులోనే ఉంది గాని, దాన్ని రెండు రోజులు కాపాడింది మాత్రం మా ఇద్దరి ఒంటరితనం.

ప్రోగ్రాం మార్చడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఖాళీలను పారేసే లైను తీసేసి, మెసేజ్ చివరి కామాను మాత్రం వదిలేసి, మధ్యలో ఖాళీ ఏ పేరుకు వస్తే ఆ పేరుకే ఎర్రచుక్క పడేలా చేశాను. పేర్లు ఎన్నో ముక్కలు సరిగ్గా అన్నే లేకపోతే ఎవరికీ ఏ చుక్కా పెట్టకుండా ఆగి, 'మెసేజ్ ఒకసారి చూడండి' అని విమలమ్మ గారినే అడిగేలా చేశాను. ఇప్పుడు ఎవరి డేటా నా చేతికొచ్చినా, మొదట ఖాళీలు ఎక్కడున్నాయో వెతుకుతాను. ఆ ఖాళీ ఎవరు వదిలారు, ఏమనుకుని వదిలారు అని ఫోన్ చేసి అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

బాలయ్యను మూడు నెలల తర్వాత వాళ్ళ చెల్లెలు తన ఊరికి తీసుకెళ్ళింది. ఇక ఒంటరిగా లేడు కదా, పేరు తీసేయమంటారా అని అడిగితే విమలమ్మ గారు వద్దన్నారు. ఇప్పటికీ తొమ్మిదో ఫోన్ ఆయనకే. వాకర్ పట్టుకుని నడుస్తున్నాడట. జవాబు మాత్రం అదే, 'మంచిగున్న'.

లిస్ట్‌లో ఇరవై నాలుగో పేరు కూడా చేరింది. అది నాది. నలభై తొమ్మిదేళ్ళవాడికి ఇదేమిటని మొదట సిగ్గేసింది. నీ గదికి కూడా లోపలే గడియ కదా అన్నారావిడ. నా వంతు వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది.

మొన్న పొద్దున అలాగే మోగింది. "ఎట్లున్నవ్ బిడ్డా?" అన్నారు. "బాగున్నానమ్మా," అన్నాను. ఆవిడ పెట్టేయబోతుంటే అప్పుడు తట్టింది. రెండేళ్ళుగా ఆ లిస్ట్ రోజూ చూస్తున్నాను. అందులో ఇరవై నలుగురి పేర్లున్నాయి. ఫోన్ చేసే మనిషి పేరు లేదు.

"ఒక్క నిమిషం. మీరెట్లా ఉన్నారమ్మా?"

"నేనా?" అన్నారు విమలమ్మ గారు. తర్వాత ఏమీ అనలేదు. లైను తెగలేదు, ఆవిడ ఊపిరి వినబడుతూనే ఉంది. నేను ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని, ఆవిడ చెప్పేదాకా అలాగే నిలబడ్డాను.